కొత్తగా ప్రాక్టీసు పెట్టిన మేనకోడలికి ఒక ఆడిటరు లేఖ

బెంగళూరు,
డిసెంబరు 2025

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. సీఏగా సొంతంగా పనిచేయడానికి కావలసిన సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ చేతికొచ్చిందనీ, మారతహళ్ళిలో ఆఫీసుకు గది కుదుర్చుకున్నావనీ మీ అమ్మ చెప్పగానే ఎంతో సంతోషించాను. రిటర్నులు వేయడం వచ్చుగానీ క్లయింట్లతో ఎలా నెగ్గుకురావాలో చెప్పమని నువ్వు అడిగావు. తీరిగ్గా ఆలోచించి రాస్తున్నాను. మన వృత్తిలో వచ్చే చిక్కులలో ఎక్కువ భాగం లెక్క తప్పడం వల్ల వచ్చేవి కావు, అడగవలసిన ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చేవి. కాబట్టి ఈ ఉత్తరమంతా ఏ క్లయింటును ఏమి అడగాలి, ఎప్పుడు అడగాలి, విన్నది ఎలా భద్రపరచాలి అన్న దాని గురించే.

జూలై చివరి వారంలో, కంపెనీ ఇచ్చిన జీతం, పన్ను వివరాల ఫారం 16 వాట్సాప్‌లో పంపి, ‘అన్నీ అందులోనే ఉన్నాయి, ఈ రోజే వేసేయండి’ అనేవారు నీకు చాలామంది తగులుతారు. ఆ కాగితం చూసి పని మొదలుపెట్టకు. ముందు పోర్టల్ నుంచి 26ఏఎస్ (క్లయింటు పేర జమైన పన్ను వివరాలు), ఏఐఎస్ (ఏడాది లావాదేవీల పట్టిక) దించుకుని పక్కన పెట్టుకో. 2021 నవంబరులో ఏఐఎస్ వచ్చినప్పటి నుంచి బ్యాంకు వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకాలు, మ్యూచువల్ ఫండ్ల లావాదేవీలు ఆదాయపు పన్ను శాఖకు మనకన్నా ముందే తెలుస్తున్నాయి. అయితే ఏఐఎస్‌లో కనిపించినదంతా నిజమనీ, కనిపించనిది లేదనీ అనుకోవద్దు. ఉమ్మడి ఖాతాలో వడ్డీ మొత్తం ఒకరి పేరు మీదే పడుతుంది. నగదుగా వచ్చిన అద్దె అసలు కనిపించదు. అందుకే క్లయింటును ఎదురుగా కూర్చోబెట్టుకుని, వీలుకాకపోతే ఫోనులోనైనా, ఆ ఏడాది ఉద్యోగం మారారా, ఇల్లు గానీ పొలం గానీ కొన్నారా, అమ్మారా, విదేశీ కంపెనీ షేర్లు ఉన్నాయా, ఇంటద్దె ఎవరికి కడుతున్నారు అని ఒక్కొక్కటిగా అడుగు. ఉద్యోగం మారినవారి సంగతి మరీ ముఖ్యం. మొదటి కంపెనీలో వచ్చిన జీతం రెండవ కంపెనీకి చెప్పకపోతే స్టాండర్డ్ డిడక్షన్, శ్లాబుల ప్రయోజనం రెండు చోట్లా లెక్కలోకి వెళ్ళిపోయి, చివరికి వడ్డీతో కలిపి పెద్ద మొత్తమే కట్టవలసి వస్తుంది. ఆ మాట గడువు ముందు రోజు రాత్రి చెబితే ఎవరికైనా కోపం వస్తుంది. ఏప్రిల్‌లోనో మే నెలలోనో చెబితే కృతజ్ఞతగా ఉంటారు.

నీ ఆఫీసు ఉన్న చోట వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు కంపెనీలలో పనిచేసే మన తెలుగు పిల్లలే ఎక్కువగా వస్తారు కనుక, ఆర్‌ఎస్‌యూల గురించి, అంటే కంపెనీ ఉద్యోగికి జీతంలో భాగంగా ఇచ్చే షేర్ల గురించి, కొంచెం వివరంగా రాస్తాను. అబ్బాయి వచ్చి, ‘షేర్లు అమ్మలేదు సార్, ఇక చూపించడం దేనికి’ అంటాడు. వాదించకుండా బ్రోకరు స్టేట్‌మెంటు తెరిపించు. షేర్లు వెస్ట్ అయిన రోజునే, అంటే అతని సొంతమైన రోజునే, పన్ను నిమిత్తం కొన్నిటిని కంపెనీయే అమ్మించి ఉంటుంది. వందలో ముప్ఫయ్యో ముప్ఫయ్యయిదో పోయి మిగిలినవి ఖాతాలో ఉంటాయి. ఆ వరుస మీద వేలు పెట్టి చూపిస్తే అమ్మకం జరిగిందని అతనికే అర్థమవుతుంది. లాభం స్వల్పమైనా, సున్నా అయినా, అది మూలధన లాభాల షెడ్యూలులోకి రావాలి. మిగిలిన షేర్లు విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏలోకి వస్తాయి. అక్కడ ఆర్థిక సంవత్సరం పనికిరాదు; డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరం తీసుకోవాలి. కొన్ననాటి విలువ, ఏడాదిలో చేరిన గరిష్ఠ విలువ, చివరి విలువ మూడూ స్టేట్ బ్యాంకు టీటీ బైయింగ్ రేటు (బ్యాంకు విదేశీ కరెన్సీ కొనే రేటు) ప్రకారం రూపాయలలోకి మార్చి రాయాలి. డివిడెండు మీద అమెరికాలో కోసుకున్న పన్నుకు ఇక్కడ క్రెడిట్ కావాలంటే ఫారం 67 తప్పనిసరి. విదేశీ ఆస్తి చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని ఆస్తుల మొత్తం విలువ ఇరవై లక్షలు దాటకపోతే ఆ జరిమానా వర్తించదని 2024 అక్టోబరు 1 నుంచి సడలించారు గానీ, చూపించవలసిన బాధ్యత అలాగే ఉంది. ఈ తేడా క్లయింటుకు విడమరచి చెప్పు. బెదిరించాల్సిన పని లేదు. షెడ్యూలు నింపడానికి ఏ కాగితాలు కావాలో చెప్పి, అవి తెప్పించుకుంటే చాలు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా మనవాళ్ళకు ఊళ్ళో పొలాలు ఉంటాయి. అనంతపురం వైపో కడప వైపో తండ్రి పొలం అమ్మి ఆ డబ్బు కొడుకు ఖాతాలో వేస్తే, అది ఎవరి ఆస్తి, ఎవరి లాభం అన్నది మొదట తేల్చుకో. గ్రామీణ వ్యవసాయ భూమి అయితే మూలధన ఆస్తి కిందికే రాదు. కానీ ఊరి పేరు పల్లెలా వినిపించినంత మాత్రాన అది గ్రామీణ భూమి అయిపోదు. దగ్గరలోని మునిసిపాలిటీ జనాభా పది వేలకు పైబడి లక్ష లోపు ఉంటే రెండు కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల దాకా అయితే ఆరు, అంతకు మించితే ఎనిమిది కిలోమీటర్ల అవతల భూమి ఉండాలి. ఆ దూరాన్ని రోడ్డు వెంట కాదు, ఆకాశమార్గాన కొలుస్తారు. పాస్‌బుక్కు, అడంగలు, దూరం తెలిపే పత్రం ముందే సంపాదించి పెట్టుకుంటే, మూడేళ్ళ తరువాత నోటీసు వచ్చినా కంగారు ఉండదు. అమ్మకపు సొమ్ములో కొంత నగదుగా పుచ్చుకున్నామని చెప్పేవారు కూడా వస్తారు. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చని స్పష్టంగా చెప్పు. ఆ నగదును మరో పేరుతో లెక్కల్లోకి ఎక్కించే పనికి మాత్రం నీ చేయి పెట్టకు.

ఇక రిఫండు మాట. ‘పక్కవాళ్ళ ఆడిటరు లక్ష రూపాయలు తెప్పించాడు, మీరెందుకు తెప్పించరు’ అనే ప్రశ్న నీకు తప్పదు. కట్టని ఇంటద్దె, ఇవ్వని రాజకీయ విరాళాలు, తీసుకోని విద్యారుణం చూపించి రిఫండు తెప్పించి, అందులో వాటా పుచ్చుకునేవారు ఉన్నారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి క్లెయిముల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపిన సంగతి నీకు తెలుసు. తప్పుడు వివరాలిచ్చారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు, అంటే 200 శాతం జరిమానా సెక్షన్ 270ఏ కింద పడుతుంది. అది కట్టవలసింది క్లయింటే. వాటా పుచ్చుకున్నవాడు అప్పటికి ఫోను కూడా ఎత్తడు. రిఫండులో శాతం లెక్కన ఫీజు తీసుకోవడం మనకు వృత్తి నియమావళి ప్రకారమే నిషిద్ధం. ఇంటద్దె విషయంలో తల్లిదండ్రులకు అద్దె కడుతున్నామంటే కాదనకు, నిజమైతే అది చట్టసమ్మతమే. అయితే తల్లిదండ్రులు ప్రొద్దుటూరులో ఉంటూ, బెంగళూరులో వారి పేర ఇల్లే లేనప్పుడు ఆ అద్దె ఏ ఇంటిదని అడుగు. బ్యాంకు ద్వారా చెల్లించారా, వారి రిటర్నులో ఆ అద్దె ఆదాయం కనిపిస్తోందా అన్నవి కూడా చూసుకో. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ కావాలి. చెన్నై నుంచి బదిలీ మీద వచ్చినవారు ఇక్కడ కూడా ఇంటద్దె మినహాయింపుకు జీతంలో యాభై శాతం లెక్కేయమంటారు. 1961 చట్టం కింద ఆ యాభై శాతం చెన్నై, ముంబయి, కోల్‌కతా, ఢిల్లీలకే, బెంగళూరుకు నలభై.

‘రిటర్నులు పరిశీలించి రిఫండు పంపే సీపీసీ మన ఊళ్ళోనే ఉంది కదా, ఒకసారి వెళ్ళి మాట్లాడి రాకూడదా’ అని అడిగేవారూ ఉంటారు. అక్కడ కలిసి మాట్లాడే ఏర్పాటేమీ లేదనీ, ఏదైనా పోర్టల్ ద్వారానే జరగాలనీ ఓపికగా చెప్పు.

చిన్న వ్యాపారుల దగ్గర మరింత నిదానం కావాలి. మడివాళ, బీటీఎం లేఅవుట్, మారతహళ్ళిలలో పీజీలు, ఆంధ్రా మెస్సులు నడిపేవారిలో మనవాళ్ళు చాలామంది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ళ ఆధారంగా చిన్న దుకాణదారులకు జీఎస్టీ నోటీసులిచ్చినప్పుడు, కొందరు క్యూఆర్ కోడ్ చింపేసి ‘నగదు మాత్రమే’ అని అట్ట కట్టారు. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. చిట్టీ పాటలో వచ్చింది, తమ్ముడు పంపింది, ఇంటివాళ్ళు వేసింది కూడా అందులో ఉంటాయి. అమ్మకాలలోనూ పాలు, కూరగాయల వంటి మినహాయింపు వస్తువులుంటే వాటిని విడిగా చూపాలి. ఈ విడదీత నెల నెలా రాసుకుంటే పని పది నిమిషాలది, నాలుగేళ్ళ తరువాత కూర్చుంటే పది రోజులైనా తెమలదు. పీజీ నడిపేవారికి, మనిషికి నెలకు ఇరవై వేలకు మించకుండా, కనీసం తొంభై రోజులు వరుసగా ఉండేవారి అద్దె మీద జీఎస్టీ లేదన్న 2024 నాటి సవరణ చెప్పి, ఎవరు ఎప్పుడు చేరారో ఎప్పుడు ఖాళీ చేశారో తెలిపే రిజిస్టరు తప్పక పెట్టించు.

మరో మాట. క్లయింటు పోర్టల్ ఖాతాలో నీ ఈమెయిలు, నీ ఫోను నంబరు ఎన్నడూ పెట్టకు. పని త్వరగా అవుతుందని చాలామంది అలా చేస్తారు. తరువాత క్లయింటు వేరేవారి దగ్గరికి వెళ్ళిపోతాడు, రిటర్నులో లోపముందని చెప్పే డిఫెక్టివ్ రిటర్ను నోటీసు పాత ఆడిటరు మెయిలులో పడి ఉంటుంది, జవాబుకు ఉన్న పదిహేను రోజులు గడిచిపోతాయి, పాపం ఆ మనిషికి సంగతే తెలియదు. రిటర్ను వేశాక ముప్ఫై రోజులలో ఈ-వెరిఫై అయ్యిందో లేదో నువ్వే చూసుకో. వేయడానికి ముందు లెక్క మొత్తం మెయిలులో పంపి, ‘చూశాను, సరే’ అన్న జవాబు వచ్చాకే సబ్మిట్ చెయ్యి. క్లయింటుతో తెలుగులో ఎంత మాట్లాడినా, తేల్చిన సంగతి ఆ రోజే రాతలో పంపు.

సర్టిఫికెట్ల మీద సంతకం గురించి ఇంతకన్నా గట్టిగా చెప్పాలి. అమ్మాయో అబ్బాయో అమెరికాలో ఎం.ఎస్.కు వెళ్తున్నారని, వీసా కోసం ఆస్తుల విలువ చూపే నెట్‌వర్త్ సర్టిఫికెట్ అడుగుతూ తల్లిదండ్రులు వస్తారు. ‘ఇల్లూ పొలమూ కలిపి మూడు కోట్లని రాయండి, పిల్ల భవిష్యత్తు’ అంటారు. వారి ఆందోళన నిజమైనదే, కసరకు. దస్తావేజులు, బ్యాంకు బ్యాలెన్సులు, బంగారానికి ఆధారాలు తీసుకో. మార్కెట్ విలువ కావాలంటే రిజిస్టర్డ్ వాల్యుయరు నివేదిక తెమ్మను. ఏ అంకె ఏ పత్రం ఆధారంగా రాశావో సర్టిఫికెట్‌లోనే పేర్కొను. అప్పులు ఉంటే తీసివేసి చూపు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి సర్టిఫికెట్‌కూ యూడీఐఎన్, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి పద్దెనిమిది ఉండే గుర్తింపు నంబరు, తప్పనిసరి. ఆ నంబరుతో ఎవరైనా, ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు. పత్రం లేని అంకె మీద సంతకం పెట్టనని మొదటి సమావేశంలోనే చెప్పేస్తే బాధపడేవారు తక్కువ.

మనవాళ్ళ మధ్య ప్రాక్టీసు చేస్తున్నప్పుడు రహస్యం కాపాడడం కూడా కష్టమే. సంబంధాలు చూసే రోజులలో ఎవరో బంధువు ఫోను చేసి, ‘ఆ అబ్బాయి రిటర్ను నువ్వే వేస్తావట కదా, ప్యాకేజీ ఎంతో ఒక్కమాట చెప్పమ్మా, మనవాళ్ళే కదా’ అంటారు. ఎంత దగ్గరివారైనా చెప్పకు. ఎక్కువో తక్కువో సూచనగా కూడా అనకు. ‘అబ్బాయినే అడిగితే ఫారం 16 చూపిస్తాడు’ అంటే చాలు. మీ అమ్మ అడిగినా ఇదే జవాబు. ఈ విషయంలో నేను నీ పక్షాన మాట్లాడతాను.

ఫీజు మొదటి రోజే చెప్పు, రాసి పంపు. బంధువులకు తగ్గించుకోవచ్చు, కానీ ఉచితంగా చేయకు. ఉచితంగా చేయించుకున్నవారు కాగితాలు చివరి రోజున తెస్తారు. 2025లో గడువు సెప్టెంబరు 16 దాకా పొడిగించారు కదా అని వచ్చే ఏడాది కూడా అలాగే అవుతుందనుకునేవారికి, గడువు దాటితే మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత పన్ను పద్ధతి ఎంచుకునే వీలు పోతుందనీ, షేర్లలో వచ్చిన నష్టం రాబోయే సంవత్సరాలకు తీసుకుపోలేరనీ జూన్‌లోనే గుర్తు చెయ్యి. పన్నెండు లక్షల దాకా పన్ను లేదు కనుక రిటర్ను అక్కర్లేదనుకునేవారు ఈసారి చాలామంది ఉంటారు. అది రిబేటు, అంటే లెక్కగట్టిన పన్నులో ఇచ్చే తగ్గింపు మాత్రమే. కొత్త పద్ధతిలో నాలుగు లక్షలు దాటితే రిటర్ను వేయాలి, షేర్ల లాభాల వంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి ఆ రిబేటు అందదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి, అసెస్‌మెంట్ ఇయర్ స్థానంలో ట్యాక్స్ ఇయర్ వస్తుంది. పాత సంవత్సరాల వ్యవహారాలు పాత చట్టం కిందే సాగుతాయి కనుక రెండు చట్టాలూ బల్ల మీద ఉండాలి. సంక్రాంతికి ఊరికి వెళ్ళి వచ్చాక ఒక ఆదివారం బసవనగుడి రా. మేము క్లయింట్లను అడిగే ప్రశ్నల పత్రం తెలుగులోనూ కన్నడంలోనూ ఉంది. దాన్ని నీ క్లయింట్లకు తగినట్లు ఇద్దరం కూర్చుని సరిచేద్దాం. క్లయింటుతో పని, ఫీజు షరతులు రాసుకునే ఎంగేజ్‌మెంట్ లెటరు ముసాయిదా కూడా వెంట తీసుకురా.

ఆశీస్సులతో,
మావయ్య