కొత్త కారు బేరం ఎక్స్-షోరూమ్ ధర కింద ఉన్న లైన్లలో ఆడండి

ఎక్స్-షోరూమ్ ధర (రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర) కంపెనీ పెట్టింది, మా చేతుల్లో ఏమీ లేదని బెంగళూరు షోరూమ్‌వాళ్ళు తేల్చేశారు, ఇంక బేరం ఎక్కడ ఆడాలి అని ఒకరు అడిగారు. కొటేషన్‌లో దాని కింద రాసే ఇన్సూరెన్స్, ఛార్జీల్లాంటి లైన్లలో ఆడాలండి. ‘ఆన్‌రోడ్ మొత్తం ఇంత’ అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి. ఏది ఎంతో విడివిడిగా రాసిన కొటేషన్ అడిగి తీసుకోండి.

బాగా తగ్గేది ఇన్సూరెన్స్. మేం మారతహళ్ళిలో కారు తీసుకున్నప్పుడు షోరూమ్‌వాళ్ళు 52 వేలు వేశారు. అదే ఐడీవీకి (ఇన్సూరెన్స్‌లో కట్టే కారు విలువ), జీరో డిప్రిసియేషన్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది) కూడా కలిపి బయట చూస్తే 36 వేలు. సేల్స్ అబ్బాయి కర్నూలువైపు వాడు. “మన తెలుగువాళ్ళే కదా సార్, మీకు ఎక్కువ చెప్తానా? బయట తీసుకుంటే క్యాష్‌లెస్ ఉండదు” అన్నాడు. క్యాష్‌లెస్ అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా గ్యారేజీకి కట్టడం. కానీ నేను బయట చూసిన కంపెనీ నెట్‌వర్క్ గ్యారేజీల జాబితాలో వాళ్ళ సర్వీస్ సెంటర్ పేరే ఉంది. ఫోన్‌లో చూపించాను. మేనేజర్ గదిలోకి వెళ్ళొచ్చి 38 వేలు చేశాడు. ఆ మాత్రం తేడాకి బయటికెందుకని అక్కడే తీసుకున్నాం.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే కొనాలన్న రూలు లేదు. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి) ఇన్సూరెన్స్ మాత్రం తప్పనిసరి. దాని రేటు ప్రభుత్వం పెట్టింది కాబట్టి ఎక్కడైనా ఒకటే. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లో (మన కారు నష్టానికి), పైన చెప్పిన జీరో డిప్రిసియేషన్‌లాంటి యాడ్-ఆన్లలో ఉంటుంది.

‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ కనిపిస్తే కొట్టేయమనండి, గట్టిగా అడిగితే తీసేస్తారు. మ్యాట్లు, సీట్ కవర్లు కారు సామాన్ల షాపులుండే జేసీ రోడ్డులో ఒకసారి రేటు కనుక్కుని, అప్పుడు షోరూమ్ కిట్ గురించి మాట్లాడండి. కంపెనీ ఐడీ కార్డు ఉంటే కార్పొరేట్ డిస్కౌంట్ మీరే అడగాలి, చాలాచోట్ల వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

రోడ్ ట్యాక్స్‌లో బేరం లేదు కానీ, వేరియంట్ ఎంచుకునేటప్పుడు దాన్ని చూసుకోవాలి. కర్ణాటకలో కారు ధర 5 నుంచి 10 లక్షల లోపైతే 14 శాతం, 10 దాటి 20 లక్షల వరకు 17 శాతం. ఆ ట్యాక్స్ మీద మళ్ళీ 11 శాతం సెస్. అంటే 9.9 లక్షల కారుకి సుమారు 1.54 లక్షలు, 10.1 లక్షల కారుకి సుమారు 1.91 లక్షలు. ఒక సన్‌రూఫ్ కోసం గీత దాటితే ట్యాక్సే 37 వేలు పెరుగుతుంది! 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే ఆదాయపన్ను) కూడా వేస్తారు, అది ఆదాయపన్ను రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. ఏపీ, తెలంగాణల్లోని సొంతూళ్ళో రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ నడుపుదామని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే మళ్ళీ ఇక్కడ రిజిస్టర్ చేయించి ట్యాక్స్ కట్టాలి, ఆ తిరుగుడు వద్దనే చెప్తాను.

డిసెంబర్‌లో పెద్ద డిస్కౌంట్ ఇస్తామంటే బండి ఎప్పుడు తయారైందో చూడండి. కంపెనీ బండితో ఇచ్చే ఫారం 22 సర్టిఫికెట్‌లో నెల, సంవత్సరం ఉంటాయి. పూర్తి డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబర్ తీసుకుని, స్టాక్‌యార్డ్‌లో ఆ బండినే పగటి వెలుతురులో చూసి రండి.