గిన్నెలు ఆరబెట్టుకోవడానికి నీళ్లు పీల్చే రాతి మ్యాట్ కొనొచ్చా? గుడ్డ కన్నా మేలేనా?

కొనొచ్చు. గుడ్డ కన్నా నూటికి నూరుపాళ్లు మేలు. కానీ మీరు ఏ ఊళ్లో ఉంటారో ప్రశ్నలో రాయలేదు. ఈ రాయి విషయంలో అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే. మాది విశాఖపట్నం, ఇంటికి సముద్రం కిలోమీటరున్నర. మా అబ్బాయి రెండేళ్ల కిందట అమెరికా నుంచి వస్తూ ఒకటి తెచ్చాడు. అప్పటినుంచి మా సింకు పక్కనే ఉంది, రోజూ వాడుతున్నాను.

ముందు గుడ్డ సంగతి చెప్పాలి. పాతికేళ్లు నేనూ గుడ్డే పరిచాను. పాత టర్కీ టవలు నాలుగు మడతలు వేసి, దానిమీద గిన్నెలు బోర్లించడం. పొద్దున పరిచింది సాయంత్రానికి ముద్దయిపోయేది. వానాకాలంలో దాన్ని ఎత్తితే కింద గ్రానైటంతా జిగట, ముక్కిపోయిన వాసన. శుభ్రంగా తోమిన గ్లాసును ఆ తడిగుడ్డ మీద బోర్లించి, మళ్లీ అదే గ్లాసులో పిల్లాడికి పాలు పోసి ఇచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వంటింట్లో అన్నిటికన్నా మురికిది చెత్తబుట్ట కాదు, గిన్నెల కింద గుడ్డ. ఈ మాట మీద నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

ఇక రాయి. చూడ్డానికి బూడిదరంగు పలక. చిన్నప్పుడు బలపంతో రాసుకున్న పలకకు రెండింతలు ఉంటుంది, చిటికెన వేలంత మందం. ముట్టుకుంటే సుద్దలాగా పొడిపొడిగా తగులుతుంది. మొదటి రోజు తడి అరచేయి దానిమీద అద్ది తీశాను. ఐదు వేళ్ల గుర్తూ నల్లగా పడింది. చూస్తుండగానే ఆ నలుపు అంచుల దగ్గర పలచబడుతూ వచ్చి, వేళ్లు సన్నగిల్లి, ఆఖరికి అరచేతి మధ్య ఒక చుక్క మిగిలి అదీ పోయింది. పక్కనే నిలబడి చూస్తున్న మా అత్తయ్యగారు, "అమ్మాయ్, ఇది కొత్త కుండలాగా ఉందే" అన్నారు. దాని గురించి నేను విన్న మాటల్లో అంతకంటే సరైనది లేదు.

పెట్టె మీద డయాటమేషియస్ ఎర్త్ అని ఉండటం చూసి నాకు ఒళ్లు పులకరించింది. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు ద్రవాన్ని కీసెల్‌గర్ అనే మట్టిలో ఇంకించి 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంట్ తీసుకున్నాడని ఏటా చెప్పాను. కీసెల్‌గర్ అన్నా ఇదే మట్టి. అన్నేళ్లూ కంటితో చూడకుండా చెప్పిన పదార్థం నా సింకు పక్కకొచ్చింది. డయాటమ్‌లంటే నీళ్లలో బతికే ఒంటికణం నాచు. వాటి ఒంటి చుట్టూ గాజులాంటి సిలికా గూడు ఉంటుంది, ఆ గూటినిండా కంటికి కనిపించని చిల్లులు. అవి చచ్చాక ఆ గూళ్లు చెరువుల అడుగున, సముద్రం అడుగున లక్షల ఏళ్లు పేరుకుని మట్టిపొరలవుతాయి. జపాన్‌లో నోటో ద్వీపకల్పంలో ఈ మట్టిని దిమ్మలుగా కోసి బొగ్గుల కుంపట్లు తయారుచేస్తారు. మనకు బజార్లో దొరికే మ్యాట్ మాత్రం అచ్చంగా ఆ మట్టే కాదు. కాల్షియం సిలికేట్, నారపీచు లాంటివి కలిపి గట్టిగా అదిమిన పలక.

మన కడప బండో, తాండూరు బండో పరిస్తే చాలదా అని మా చెల్లెలు అడిగింది. చాలదు. అవి గట్టి సున్నపురాళ్లు, వాటి మీద నీళ్లు నిలబడతాయి, లోపలికి పోవు. ఇటుకతో పోల్చండి, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. గోడ కట్టే ముందు మేస్త్రీలు ఇటుకలను తొట్టిలో నానబెడతారు. పొడి ఇటుక పెడితే సిమెంటులోని నీళ్లన్నీ లాగేస్తుందని వాళ్లకు తెలుసు. ఈ రాయి చేసేదీ అదే పని, ఇంకాస్త చురుగ్గా.

అసలు చెప్పాల్సింది మొదటి శ్రావణంలో జరిగింది. వరలక్ష్మీ వ్రతం రోజు. పొద్దున్నుంచి ఆగకుండా వాన. మా పనమ్మాయి వాళ్లింట్లో కూడా పూజే కాబట్టి నేనే రావద్దన్నాను. సాయంత్రం తాంబూలానికి పద్నాలుగు మంది ముత్తయిదువులు వచ్చారు. పులిహోర, పరమాన్నం, పూర్ణాలు, శనగలు. అందరూ వెళ్లేసరికి తొమ్మిదయింది. సింకు నిండా అంట్లు. నేను తోముతుంటే అత్తయ్యగారు కడిగి రాయి మీద బోర్లించారు.

మొదటి పది ప్లేట్ల వరకు చూడముచ్చటగా ఉంది. ప్లేటు అంచు నుంచి జారిన చుక్క రాయిని తాకగానే చిన్న నల్లమచ్చ, అంతే, చుక్క లేదు. అబ్బాయికి ఫోన్ చేసి చూపించాను కూడా. తర్వాత గ్లాసులు, గిన్నెలు వచ్చాయి. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి రాయంతా ఒకటే ముదురు రంగుకు తిరిగింది. పరమాన్నం గిన్నె బోర్లించేసరికి నీళ్లు ఇంకకుండా రాయి మీద నిలబడ్డాయి. ఒక నిమిషానికి అంచు దాటి గ్రానైటు మీదుగా పారి, పొయ్యి పక్కన పెట్టిన అగ్గిపెట్టెను తడిపాయి. అత్తయ్యగారు ఏమీ కంగారుపడలేదు. "ఎంత తాగినా దానికీ ఓ కడుపుంటుంది కదమ్మా" అని, మిగతావి వెదురుబుట్టలో వేశారు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పొడిగా ఉన్నప్పుడు ఒకసారి వంటింటి త్రాసు మీద తూచి పెట్టుకున్నాను, 1,180 గ్రాములు. ఆ రాత్రి తూస్తే 1,530. అంటే 350 గ్రాముల నీళ్లు, మన పెద్ద స్టీలు గ్లాసు నిండా. మర్నాడు పొద్దున ఆరింటికి ఇంకా 1,410 ఉంది. మూడో రోజు 1,300. వాన తెరిపిచ్చి రెండు రోజులు గాలి ఆడాకే అది మామూలైంది. సంక్రాంతి రోజుల్లో మళ్లీ తూచాను. రాత్రి అలాగే పూర్తిగా తడిస్తే, మర్నాడు మధ్యాహ్నానికి 1,190కి వచ్చేసింది.

రాయి నీళ్లను పీల్చడం ఒకటి, ఆరడం ఒకటి. అమ్మేవాళ్లు వీడియోల్లో మొదటిదే చూపిస్తారు. చెంచాడు నీళ్లు పోస్తారు, మాయమవుతాయి, అయిపోయింది. ఆ నీళ్లు రాయి లోపలే ఉన్నాయి. అవి బయటికి పోవాల్సింది గాలిలోకే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే, మా విశాఖలో వానాకాలమంతా అదే పరిస్థితి, రాయి ఏం చేయగలదు? అనంతపురం, కర్నూలు వైపు ఉండేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. హైదరాబాదు వాళ్లకు కూడా వానలు కురిసే నాలుగు నెలలు తప్ప బాగానే పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వాళ్లు నేను కింద చెప్పేది విని కొనండి.

గ్లాసుల గురించి ఒక మాట. మర్నాడు పొద్దున రాయి మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఎత్తితే లోపల ఆవిరి పట్టి ఉంది. రాయి మీద గుండ్రంగా తడి ముద్ర, మధ్యలో ఇంకా నలుపు. గ్లాసు అంచు చదునైన రాయికి అతుక్కుపోయి లోపలికి గాలి పోలేదు. మన గ్లాసులు, గిన్నెలు, డబ్బాలు అన్నీ అంతే, అంచులు సమంగా ఉంటాయి. కాబట్టి ఒక చెంచా అడ్డం పెట్టి దానిమీద ఒరిగేలా బోర్లించండి. లేదంటే రాయి మీద చిన్న స్టీలు జల్లెడ స్టాండు పెట్టి, గిన్నెలు దానిమీద బోర్లించండి. నేను చేసేది ఇదే. చుక్కలు రాయి మీద పడతాయి, గాలి కింద నుంచి ఆడుతుంది.

నూనె దీనికి పెద్ద శత్రువు. వ్రతం రోజు పులిహోర బేసిన్‌కు ఎక్కడో జిడ్డు మిగిలినట్టుంది. మర్నాడు రాయి మీద అరచేతి వెడల్పున పసుపుమచ్చ తేలింది. ఆ మచ్చ ఉన్నంత మేర నీటిచుక్క తామరాకు మీద లాగా నిలబడింది. మా పనమ్మాయి మంచి మనసుతో సబ్బు పెట్టి పీచుతో రుద్దింది. దాంతో ఇంకాస్త మూసుకుపోయింది. సబ్బు కూడా ఆ సన్న రంధ్రాల్లోకి పోయి కూర్చుంటుంది. ఆఖరికి హార్డ్‌వేర్ షాపులో సన్నరకం శాండ్‌పేపర్ తెచ్చి, రాయిని తడిపి, పైపైన గుండ్రంగా అరగదీశాను. మచ్చ సగం పోయింది, పీల్చడం మళ్లీ మొదలైంది. తడిపే అరగదీయండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. అది సిలికా పొడి, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. నిమ్మచెక్క, వెనిగర్ జోలికి మాత్రం పోకండి. కాల్షియం సిలికేట్ ఉన్న పలకను పులుపు తినేస్తుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లకు ఇంకో ఇబ్బంది. కుళాయి మొదట్లో తెల్లగా పేరుకుంటుందే, ఆ ఉప్పులే రాయిలోనూ మిగిలిపోతాయి. నీళ్లు ఆరిపోతాయి గానీ ఉప్పులు ఎక్కడికి పోతాయి? ఆర్నెల్లకోసారి శాండ్‌పేపర్ తప్పదు.

కొనేటప్పుడు పేరూ ఊరూ లేని చవకరకం తీసుకోకండి. జపాన్‌లో 2020 చివర్లో ఇలాంటి బాత్‌మ్యాట్లు, గ్లాసుల కింద పెట్టే కోస్టర్లు కొన్నింటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉందని తేలి లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకున్నారు. తయారీదారు పేరు, ఆస్‌బెస్టాస్ లేదన్న మాట పెట్టె మీద స్పష్టంగా ఉంటేనే కొనండి. పలక విరిగినా, బీటవారినా ఉంచుకోకండి.

ఇంత చెప్పాక నా బాధ కూడా చెప్పనివ్వండి. అసలు మనకు ఈ రాయి అవసరం ఎందుకొచ్చింది? అనకాపల్లిలో మా పుట్టింటి పెరట్లో నూతి పక్కన ఏటవాలు గచ్చు ఉండేది. అమ్మ గిన్నెలు తోమి దానిమీద వరసగా బోర్లించేది. నీళ్లు కాలవలోకి పోయేవి, తొమ్మిదింటికల్లా ఎండ వచ్చి గిన్నెలు వేడెక్కేవి. లోపలికి తెచ్చేటప్పుడు కొంగుతో పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మా ఫ్లాటులో పూజగదికి చోటుంది, టీవీకి ఒక గోడ ఉంది, గిన్నెలు బోర్లించడానికి జానెడు జాగా లేదు. సింకును వెలుతురు రాని మూలలో పెట్టారు, పక్కన గ్యాసు పొయ్యి. సింకు వెనక ఒక కిటికీ, పక్కన రెండడుగుల వాలు గట్టు ఇస్తే బిల్డరు సొమ్మేం పోతుంది? ప్లాను గీసేవాళ్లు ఒక్క నెల అంట్లు తోమితే ఇలాంటి వంటిళ్లు కట్టరు. మీరు ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే హాలు తర్వాత చూడొచ్చు, ముందు సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నె ఎక్కడ పెడతారో చూసుకోండి.

మీ ప్రశ్నకు వస్తే, పెద్దది ఒకటి కొనకండి, చిన్నవి రెండు కొనండి. ఒకటి సింకు పక్కన ఉన్నంతసేపు రెండోది బాల్కనీ తలుపు దగ్గర నీడలో, గాలి తగిలేలా గోడకు నిలబెట్టి ఉండాలి. గట్టి ఎండలో పెట్టకండి, వంకర తిరుగుతుంది. నేనూ రెండోది తెచ్చుకుని, రోజూ రాత్రి అంట్లు అయ్యాక మారుస్తాను. పడుకునేముందు అత్తయ్యగారు వచ్చి, తలుపు దగ్గరున్న రాయిని వేలి వెనకవైపు ఆనించి చూస్తారు. చల్లగా తగిలితే, "ఇంకా ఆరలేదమ్మా, రేపు కూడా ఇక్కడే ఉండనీ" అంటారు.