ఇండియా–కువైట్ ఫైనల్ రోజు మా పిన్ని ఎవరి వైపు?

అడిగిన ప్రశ్న: 2023 సాఫ్ కప్ ఫుట్‌బాల్ దక్షిణాసియా దేశాలది కదా, అందులో కువైట్ ఎలా ఆడింది? కువైట్‌లో పనిచేసి వచ్చిన కోనసీమ వాళ్ళు ఫైనల్లో ఎవరికి సపోర్ట్ చేశారు?

మొదటిదానికి జవాబు చిన్నదే. అప్పుడు శ్రీలంక ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం) సస్పెన్షన్‌లో ఉంది. ఆఫ్ఘనిస్తాన్ అంతకు ముందే మధ్య ఆసియా గ్రూపులోకి వెళ్ళిపోయింది. మిగిలిన ఆరు దేశాలకి తోడుగా కువైట్‌ని, లెబనాన్‌ని అతిథులుగా పిలిచారు. భోజనానికి పిలిస్తే ఆ చుట్టాలు ఒకళ్ళు సెమీస్ దాకా, ఒకళ్ళు ఫైనల్ దాకా వచ్చి కూర్చున్నారు, అంతే.

రెండోదానికి మా ఇంట్లో జరిగిందే చెప్పగలను. మాది రాజోలు దగ్గర, వశిష్ట గోదావరి గట్టు పక్క ఊరు. మా పిన్ని 2005 నుంచి 2019 దాకా కువైట్‌లో ఇంటిపని చేసింది. మొదటి ఇంట్లో జీతం కూడా సరిగ్గా ఇవ్వలేదు. రెండో ఇంట్లో మాత్రం బాగా చూసుకున్నారు. అక్కడ పుట్టిన పిల్లాడిని పన్నెండేళ్ళు ఆవిడే పెంచింది.

పిన్నికి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఇప్పటికీ తెలీదు. కానీ కువైట్ ఫుట్‌బాల్ గురించి నాకన్నా ఎక్కువ తెలుసు, అదీ వంటింట్లోంచి. మ్యాచ్ ఉన్న రాత్రి దివానియాలో, అంటే మగాళ్ళు కూర్చునే చావడిలో, పాతిక మంది చేరేవారట. నడుం సన్నగా ఉండే బుల్లి గాజు గ్లాసుల్లో టీ మీద టీ పోయాలి. టీమ్ గెలిస్తే మచ్‌బూస్, అంటే మాంసం వేసి వండే అన్నం, తిన్న పళ్ళెం ఖాళీగా వచ్చేది, ఓడితే అన్నం అన్నంలాగే వెనక్కి వచ్చేది. స్కోరు ఎవరూ చెప్పక్కర్లేదు, పళ్ళెం చూస్తే చాలు. 2010లో సౌదీని 1-0తో ఓడించి గల్ఫ్ కప్ పదోసారి గెలిచిన రాత్రి వీధుల్లో కారు హారన్లు తెల్లారేదాకా ఆగలేదనీ, మూడేళ్ళ పిల్లాడు ఆవిడ చంకలోనే నిద్రపోయాడనీ చెబుతుంది. 2015 నుంచి రెండేళ్ళకు పైగా కువైట్ మీద ఫిఫా నిషేధం ఉంటే, ‘ఆ ఇంట్లో ఎవరో పోయినట్టుండేదిరా’ అంటుంది.

ఇక జూలై 4, రాత్రి ఏడున్నర. మ్యాచ్ బెంగళూరు కంఠీరవ స్టేడియంలో. మా హాల్లో పదిమంది. మస్కట్ నుంచి వచ్చేసిన బాబాయ్, ఇద్దరు కుర్రాళ్ళు, బజ్జీల పొట్లాలు, బయట వాన. ఫోన్లో యాప్ పెట్టి టీవీకి కనెక్ట్ చేశాం. నెట్ అంతంతమాత్రం. పక్కింట్లో డిష్ కాబట్టి వాళ్ళకి అన్నీ మాకంటే అర నిమిషం ముందే జరిగిపోతున్నాయి.

పద్నాలుగో నిమిషంలో కువైట్ గోల్ కొట్టింది. అందరూ చల్లబడ్డారు. గుమ్మం దగ్గర కూర్చున్న పిన్ని చిన్నగా చప్పట్లు కొట్టింది.

‘అదేంటి వదినా, మన దేశం కదా?’ అన్నాడు బాబాయ్.

‘ఈ ఇల్లు కట్టింది ఏ డబ్బుతో అనుకున్నావ్? ఆళ్ళ ఉప్పు తిన్నాను. నీకు మస్కట్ వాళ్ళు ఏం పెట్టలేదేమో, నాకు పెట్టారు.’

ఆ తర్వాత బాబాయ్ నోరెత్తలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు మండింది. దీనారుకి వందల రూపాయలు వచ్చినంత మాత్రాన దేశం మారిపోతుందా అనిపించింది. 38వ నిమిషంలో మన సహల్ పాస్‌కి ఛాంగ్టే గోల్ కొట్టగానే, కొంచెం ఆవిడ వైపు చూసే అరిచాను.

అదనపు సమయం అయినా 1-1 మారలేదు. పెనాల్టీలు. కువైట్ మొదటి కిక్ గోల్ పైకమ్మీకి తగిలి బయటికి పోయింది. ‘అయ్యో నాయనా’ అంది పిన్ని. మన ఉదాంత కూడా మిస్ చేశాడు. ఐదేసి అయ్యేసరికి 4-4. ఆరోది మన మహేశ్ కొట్టేశాడు. వాళ్ళ ఆటగాడు ఇంకా బంతి దగ్గరికి రాకముందే పక్కింట్లో ఒక్కసారిగా కేకలు, ఈలలు, పళ్ళేల మోత. మాకు అర్థమైపోయింది. పిన్నికీ అర్థమైంది. మా టీవీలో ఆ కుర్రాడు ఇంకా బంతిని సర్దుకుంటూనే ఉన్నాడు. నేను పిన్నినే చూస్తున్నాను. ఏం జరగబోతోందో తెలిసి కూడా ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. మన గోల్‌కీపర్ గురుప్రీత్ ఆపేశాడు. ఇండియాకి తొమ్మిదో సాఫ్ కప్పు.

మేం గెంతులేస్తుంటే ఆవిడ ఫోన్ తీసుకుని అరుగు మీదికి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. పదహారేళ్ళ పిల్లాడికి అరబ్బీలో వాయిస్ మెసేజ్ పెడుతోంది. నాకు తెలిసింది ‘మాలేష్’ ఒక్కటే, పర్లేదులే అని. ఇంకేం చెప్పావు అంటే, ‘అన్నం తినకుండా పడుకోవద్దన్నాను’ అంది.

కాబట్టి ఎవరి వైపు అంటే, మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదండీ. మా పిన్ని కువైట్ వైపు కూడా కాదు, ఆ పిల్లాడి వైపు.