నవ్వుతూనే ఉండు తల్లీ, జ్వరాన్ని మాత్రం దాచొద్దు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. నీ జబ్బు గురించి కాదు. ఆ ఏడుపంతా బయాప్సీ రిపోర్టు వచ్చిన నాడే ఏడ్చేసింది. ఇప్పుడు ఏడ్చింది నీ ప్లాను విని. మొదటి కీమో పడకముందే ఒక శనివారం చూసుకుని మాలకొండ పోయి తలనీలాలు ఇచ్చేస్తానన్నావంట. "ఎట్లాగూ ఊడేదే, దిండు మీద ఊడే బదులు నరసింహస్వామికి ఇస్తే పుణ్యమన్నా దక్కుతుంది" అన్నావంట. డోసుకీ డోసుకీ మధ్య బడికి పోయి పాఠాలు చెప్తానని, ట్రీట్‌మెంటంతా నవ్వుకుంటూ గడిపేస్తానని కూడా అన్నావంట. "దానికి భయం లేదొదినా, అదే నాకు భయం" అంది మీ అమ్మ.

నాకు ముందు గర్వమేసింది. మా అన్న కూతురంటే ఇట్లాగే ఉండాలి అనుకున్నా. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో ఒక జోకేసి మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

మాలకొండ సంగతి ముందు తేల్చేద్దాం. వెళ్లు. మీ అమ్మకి నేను చెప్తా. ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి జనం విరగబడి ఉంటారు. మందు పడకముందు కాబట్టి ఫరవాలేదు. పడ్డాక మాత్రం అలాంటి జనంలో అడుగు పెట్టొద్దు. కొత్త బ్లేడు వెయ్యమని అడుగు, తల తెగకుండా చూసుకో. డాక్టరు చెవిన కూడా ఒక మాట వెయ్యి. నువ్వు చేసేది తెలివైన పనే. మందు పడ్డ రెండు మూడు వారాలకి జుట్టు రాలడం మొదలవుతుంది. పొద్దున లేచేసరికి దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనిపిస్తే ఎంత ధైర్యమున్న వాళ్లకైనా గుండె జారిపోతుంది.

మామూలు జాగ్రత్తలు నీకు వాళ్లే చెప్తారు. నీళ్లు బాగా తాగు. మెత్తటి బ్రష్ వాడు. నోరు పొక్కకుండా ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించు. వాంతి మాత్ర వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకో. పానీపూరీ వద్దు, బయట కోసిన పళ్లు వద్దు. ఎవరన్నా ఆకు పసరో చూర్ణమో తెచ్చిస్తే డాక్టరుకి చూపించకుండా నోట్లో వేసుకోవద్దు, తెచ్చింది నేనైనా సరే.

ఇప్పుడు మీ మామయ్య సంగతి. నువ్వప్పుడు చిన్నపిల్లవి, నీకు సగమే చెప్పారు. మిగతా సగం ఇప్పుడు వినాలి.

ఆయనకి వచ్చింది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల కేన్సర్. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. "ముప్పై ఏళ్లు కండక్టరుగా చేశా, నా బస్సులో టికెట్ లేకుండా ఎక్కిన వాళ్లని దించకుండా వదల్లేదు. దీన్ని మాత్రం వదుల్తానా" అన్నాడు మొదటిరోజే. చెన్నైలో అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకుపోయాం. ముత్తులక్ష్మి రెడ్డి గారు కేన్సర్‌తో చెల్లెల్ని పోగొట్టుకుని, అలాంటి ఆసుపత్రి ఉండి తీరాలని ఏళ్ల తరబడి తిరిగి 1954లో మొదలుపెట్టిన చోటు అది. ఆ వరండాలో కూర్చుంటే చుట్టూ మన భాషే. నెల్లూరు వాళ్లు, ఒంగోలు వాళ్లు, కడప వాళ్లు. ఆయన గంటలో అందరి ఊర్లూ పేర్లూ కనుక్కుని అందర్నీ నవ్వించడం మొదలుపెట్టాడు.

నీకు ఎక్కించబోయే ఎర్ర మందే, డాక్సోరూబిసిన్, ఆయనకీ ఎక్కించారు. అది పడ్డాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తం కాదు, మందు రంగే, కంగారు పడొద్దు. ఆయనకి ఎవరూ ముందు చెప్పలేదు. బాత్రూంలోంచి మొహం పాలిపోయి బయటికొచ్చాడు. నర్సమ్మ సంగతి చెప్పగానే నా వైపు తిరిగి, "అంత డబ్బు పోసి ఎక్కించిన మందు ఇట్టా పోతా ఉందేందే" అన్నాడు. వార్డంతా నవ్వింది. కనుబొమలు కూడా రాలిపోయాక, "ఇప్పుడు నాకు ఆశ్చర్యమేసినా ఎవరికీ తెలీదు" అనేవాడు. ఆ నవ్వులే లేకపోతే నేను ఆ రోజుల్ని దాటేదాన్ని కాదు. అందుకే నిన్ను నవ్వొద్దని ఎప్పటికీ అనను.

రెండో డోసు పడ్డ పది రోజులకి కావలిలో ఆయన తమ్ముడి కూతురికి నిశ్చితార్థం. మే నెల. కావలి ఎండ ఎట్లా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. హాల్లో అందరూ విసనకర్రలు, పెళ్లి కార్డులు, చేతికి ఏది దొరికితే దాంతో విసురుకుంటున్నారు. మీ మామయ్య మాత్రం కండువా రెండు భుజాల మీదుగా బిగించి కప్పుకుని కూర్చున్నాడు. ఎవరో అడిగితే, "మా తమ్ముడు ఏసీ హాలు బుక్ చేశాడబ్బయా, మీకు తెలీడం లేదా" అన్నాడు. పెళ్లివారి వైపు వాళ్లు కూడా పగలబడి నవ్వారు. కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి కాఫీ పంచె మీద ఒలికింది. దానికీ ఏదో అన్నాడు, మళ్లీ నవ్వారు.

ఆయన పెరట్లోకి పోయి ఎవరో కుర్రాడి దగ్గర పారాసిటమాల్ అడిగి మింగాడని నాకు తెలిసింది తర్వాత. చెమట పట్టి జ్వరం తగ్గింది. భోజనం చేశాడు, ఇంకో విడత అందర్నీ నవ్వించాడు, సాయంత్రం బస్సులో ఇంటికొచ్చాం. రాత్రి ఏ రెండింటికో నిద్రలో కేకలు మొదలుపెట్టాడు. "కోవూరు, కోవూరు... దిగేవాళ్లు ముందుకి రండి... రైట్ రైట్." పక్క గదిలోంచి మీ బావ నవ్వాడు, నాన్న నిద్రలో కూడా డ్యూటీ చేస్తున్నాడని. లైటేసి చూస్తే ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయి గానీ నేనెవరో తెలియడం లేదు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మంచం కోళ్లు చప్పుడయ్యేంత వణుకు.

చెన్నై తీసుకుపోదామని ఒకరు, తెల్లారనీ అని ఒకరు. మీ బావ ఎవరి మాటా వినకుండా కారు పిలిచి నెల్లూరు తీసుకుపోయాడు. వాడి రుణం నేను తీర్చుకోలేను. అప్పటికే బీపీ పడిపోయింది. తెల్ల కణాలు దాదాపు లేవన్నారు. ఐసీయూ బయట కుర్చీలో నేను దేవుళ్లందరికీ మొక్కిన మొక్కులు ఇప్పటికీ కొన్ని బాకీ ఉన్నాయి. బతికాడు. కానీ ఒళ్లు తేరుకునేదాకా తర్వాతి డోసు వాయిదా పడింది.

స్పృహలోకి వచ్చాక అడిగా, అంత జ్వరం పెట్టుకుని ఎందుకు చెప్పలేదయ్యా అని. ఆయన చెప్పింది విను బుజ్జమ్మా. "అందరూ నన్ను చూసి నవ్వుతా ఉన్నారే. జబ్బు మనిషని ఎవరికీ గుర్తు లేదు. జ్వరం అంటే మళ్లీ మొహాలు మారిపోతాయి. ఇంకాసేపు నవ్వనిద్దాం అనుకున్నా."

నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే. నువ్వూ ఆయన లాంటిదానివే. మీ అమ్మ మొహం మారకూడదని, నీ కూతురు బెదరకూడదని, స్టాఫ్ రూంలో ఎవరూ జాలిపడకూడదని నువ్వు కూడా కండువా కప్పుకునే రకం.

కాబట్టి దీన్ని బాగా గుర్తుపెట్టుకో. మందు పడ్డ వారం నుంచి రెండు వారాల దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి. పోరాడే కణాలే లేనప్పుడు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరినా చీము పట్టదు, వాపు కనిపించదు. జ్వరం ఒక్కటే బయటపడుతుంది. థర్మామీటరులో 100.4 చూపించిందా, అర్ధరాత్రయినా పండగయినా హాస్పిటల్‌కి పోవాల్సిందే. వాళ్లు చెప్పకుండా పారాసిటమాల్ వేసుకోవద్దు, అది జ్వరాన్ని కప్పిపెడుతుంది, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. జ్వరం లేకుండా వణుకు వచ్చినా అంతే. పోగానే "కీమో నడుస్తోంది, ఇన్ని రోజులయింది" అని మొదటి మాటగా చెప్పాలి. అప్పుడు క్యూలో కూర్చోబెట్టరు. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలని డాక్టర్లే చెప్తారు. నువ్వుండేది ఒంగోలులో, ట్రీట్‌మెంటు చెన్నైలో. రాత్రి జ్వరమొస్తే మూడొందల కిలోమీటర్లు పోతామా? ఒంగోలులో ఏ హాస్పిటల్‌కి పోవాలో ఇప్పుడే మీ చెన్నై డాక్టరుని అడిగి, ఒంగోలు తిరిగొచ్చి కనుక్కుని పెట్టుకో.

ఆ తర్వాత మీ మామయ్య జోకులు మానలేదు. డాక్టరు గదిలో మాత్రం వేసేవాడు కాదు. ఒక చిన్న పుస్తకంలో జ్వరం, విరేచనాలు, నోటి పుండ్లు, నిద్ర అన్నీ రాసేవాడు, లోపలికి పోగానే చదివేవాడు. బయటికొచ్చాక ఎన్నయినా వేసుకునేవాడు. "ఎట్లా ఉంది" అని డాక్టరు అడిగితే "సూపర్ సార్" అనే అలవాటు నీకూ ఉంది. ఆ గది వరకు మానెయ్.

చూడ్డానికొచ్చే వాళ్లు ఉంటారే, వాళ్లతో నీకు ఓపిక కావాలి. హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి, కూర్చుని, "మా పక్కింటాయనకీ ఇదే జబ్బు" అని మొదలుపెడతారు. మామయ్య మధ్యలోనే, "ఇప్పుడెట్టా ఉన్నాడు" అని అడిగేవాడు. వాళ్లు నీళ్లు నమిలితే, "పోయాడా? మరి నాకెందుకు చెప్తుండావబ్బయా?" అనేవాడు. నువ్వూ అడుగు, తప్పులేదు. తెల్ల కణాల కౌంటు తక్కువుండే రోజుల్లో మాత్రం ఎవర్నీ గడప దాటనివ్వద్దు. ఆ పని మీ అమ్మకి అప్పజెప్పు, చక్కగా చేస్తుంది.

బడి గురించి నాకు మనసొప్పడం లేదు. నలభై మంది పిల్లలున్న గదిలో ఎప్పుడూ ఒకడు దగ్గుతూనే ఉంటాడు. అంతగా పోవాలనుంటే, మూడో వారంలో, రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనంటేనే, మాస్కు పెట్టుకుని పో. లేకపోతే మెడికల్ లీవు పెట్టు. లీవులు దాచుకుని ఎవరికిస్తావు?

నవ్వు రాని రోజులుంటాయమ్మా. డోసు పడ్డ మూడు నాలుగు రోజులు ఒళ్లు నీది కానట్టుంటుంది. అన్నం నోట్లో పెడితే ఇనుము వాసన. ఆ రోజుల్లో నవ్వక్కర్లేదు. మామయ్యకి చివరి డోసులప్పుడు వేళ్ల చివర్లు మొద్దుబారాయి. నీకు రెండో విడతలో ఇచ్చే మందుకీ అట్లా అయ్యే అవకాశం ఉంది, తిమ్మిరి మొదలవగానే చెప్పు. ఒకరోజు చొక్కా పై గుండీ పెట్టుకోలేక చాలాసేపు తంటాలు పడ్డాడు. గుండీ కాజా దాకా వస్తుంది, జారిపోతుంది. ఏ జోకూ వెయ్యలేదు. నేను దగ్గరికి పోయి పెడితే తల పక్కకి తిప్పుకున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ రోజు కూడా మంచిరోజే బుజ్జమ్మా. నీ మొగుడి ముందు అట్లా కూర్చోవడానికి సిగ్గుపడొద్దు.

పిల్లకి నిజం చెప్పు. ఆరో తరగతి పిల్లకి అన్నీ తెలుస్తాయి. జబ్బు పేరు నీ నోటితోనే చెప్పు, అంటుకునేది కాదని చెప్పు. నీ గుండు మీద మొదటి జోకు దాన్నే వెయ్యనియ్యి.

అన్నీ అయిపోయి, కౌంట్లు బాగున్నాయని డాక్టరు చెప్పాక, ఆ ఏడాది మొహర్రంకి నెల్లూరు రా. బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి పోదాం. ట్రీట్‌మెంటు మధ్యలో మాత్రం వద్దు, ఆ జనం, ఆ చెరువు నీళ్లు. మామయ్య బాగయ్యాక తీసుకుపోయా. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతున నిలబడి ఆరోగ్య రొట్టె తీసుకున్నాడు, బుద్ధిగా తిన్నాడు. తర్వాత గట్టిగా, "జుట్టు రొట్టె ఎవరి దగ్గరన్నా ఉందా అమ్మా" అని అరిచాడు. ఒక ముసలమ్మ, "జుట్టు రొట్టె లేదు నాయనా, పెళ్లి రొట్టె ఉంది, కావాలా" అంది. "అది ఎప్పుడో తిన్నానమ్మా, ఇదిగో పక్కనే ఉంది" అని నన్ను చూపించాడు. నాకు కోపం రాలేదు. కళ్లనిండా నీళ్లొచ్చాయి, నవ్వూ ఆగలేదు. కోరిక తీరింది కాబట్టి తర్వాతి ఏడు తన మొక్కు రొట్టె ఇంకెవరికో ఇచ్చాడు.

మొదటి డోసుకి నేనూ మామయ్యా వస్తున్నాం, వద్దనొద్దు. నువ్వు ఒంగోలులో పినాకిని ఎక్కు, మేం నెల్లూరులో ఎక్కుతాం. పక్కపక్క సీట్లు దొరక్కపోతే మామయ్య ఎవర్నో ఒకర్ని మాటల్లో పెట్టి మార్పిస్తాడు. పెరుగన్నం నేను తెస్తా. మీ అమ్మని చేపల పులుసు కట్టొద్దను, ఆ వాసన నీకు తర్వాత చాలాకాలం పడదు, ఇష్టమైన కూరని ఆ రోజుతో ముడిపెట్టొద్దు. ఒంగోలు హాస్పిటల్ పేరు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఆదివారం లోపు నాకు పంపు. పంపకపోతే సోమవారం పొద్దున బస్సుకి నేనే వచ్చి కనుక్కుంటా.

మీ అత్తయ్య