పరుగు 5:50, బీమ్ ఏడు, ఇంటర్ ఎంపీసీ: తమ్ముణ్ణి అగ్నివీర్‌కి పంపొచ్చా?

మీ ప్రశ్నలో సంగతులు ఇవీ: ఊరు కళ్యాణదుర్గం దగ్గర పల్లె. తమ్ముడికి 19 ఏళ్ళు, ఎత్తు 168, ఇంటర్ ఎంపీసీ 68 శాతం. 1600 మీటర్లు 5 నిమిషాల 50 సెకన్లలో కొడుతున్నాడు, బీమ్ (కడ్డీ పట్టుకొని ఒంటిని పైకి లాగడం) ఏడు తీస్తున్నాడు. పరుగు చాలదేమోనని ఇంట్లో దిగులు. అగ్నివీర్ అంటే సైన్యంలో నాలుగేళ్ళ ఉద్యోగం కాబట్టి, ఆ నాలుగేళ్ళయ్యాక చేతికి ఏమొస్తుందో కూడా తెలియాలి.

పరుగు గురించి అంత దిగులు అక్కర్లేదు. మన వైపు పిల్లలు చాలామంది ఓడిపోయేది పరుగులో కాదు, బీమ్ దగ్గర, కాగితాల దగ్గర, మెడికల్ దగ్గర. ఈ మూడూ ఇంట్లో కూర్చొని ముందే సరిచూసుకోగలిగినవి.

ముందు మార్కులు చూడండి. జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి కేటగిరీకి, 5:30 లోపల వస్తే 60 మార్కులు, 5:45 లోపలైతే 48. ఒకప్పుడు అక్కడితో తాడు కట్టేసేవాళ్ళు. 2025 నుంచి 6:00 లోపల వచ్చినవాడికి 36, 6:15 లోపల వచ్చినవాడికి 24 ఇస్తున్నారు. బీమ్ పది తీస్తే 40, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకి 21, ఆరుకి 16. ఆరుకి తగ్గితే ఇంటికే. మీ తమ్ముడికి ఈ రోజు లెక్కన 36, 21 కలిపి 57 వస్తాయి. పరుగు ఏమాత్రం పెరక్కపోయినా, బీమ్ ఒక్కటే పదికి చేరిస్తే 76. పరుగులో 5:30కి వచ్చి, బీమ్ ఆరుతో సరిపెట్టుకున్నవాడికి వచ్చేదీ అదే 76. పరుగులో 20 సెకన్లు తగ్గించడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మూడు బీములు పెంచడానికి ఆరు వారాలు చాలు. ఇంత చిన్న లెక్క తెలియక పొద్దున రోడ్డు మీద పది కిలోమీటర్లు తిరిగొచ్చి, కడ్డీ ముట్టుకోకుండా పడుకునే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉంటారు.

బీమ్ సాధన ఇలా చేయించండి. స్టూలు ఎక్కి గడ్డం కడ్డీ పైకి వచ్చేలా పట్టుకోవాలి. స్టూలు వదిలేసి, ఐదు సెకన్లు లెక్కపెట్టుకుంటూ మెల్లగా కిందికి దిగాలి. ఐదుసార్లు దిగితే ఒక సెట్టు. అలాంటివి ఐదు సెట్లు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. ఒకేసారి పది లాగబోతే ఏడు దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోతారు. నాలుగు చొప్పున ఆరు సెట్లు చేస్తే కదలిక వస్తుంది. ర్యాలీలో, అంటే సైన్యం పరుగు, బీమ్, మెడికల్ పరీక్షలు పెట్టే చోట, లెక్కపెట్టేవాళ్ళు రెండు చూస్తారు: కిందికి వచ్చినప్పుడు మోచేతులు పూర్తిగా చాపాలి, పైకి వెళ్ళినప్పుడు గడ్డం కడ్డీ దాటాలి. కాళ్ళు ఊపి ఎగిరితే అది లెక్కలోకి రాదు. ఇంటి దగ్గర వేపచెట్టు కొమ్మకి పన్నెండు లాగేవాడు ర్యాలీలో ఎనిమిది దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే, సగం సగం లాగడం అలవాటైపోయి ఉంటుంది. ఇవి కాక తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ ఉంటాయి. వాటికి మార్కులు లేవు, పాసైతే చాలు.

పరుగు సంగతి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 5:30 కావాలంటే రౌండుకి 82 సెకన్లన్నర, 5:45కి 86. గుంపులో వదిలినప్పుడు అందరూ మొదటి రౌండు 70, 72కి లాగేస్తారు. మూడో రౌండుకి కాళ్ళు బరువెక్కి 95కి పడిపోతారు. 5:50 కొట్టే పిల్లవాడిలో 5:40 సత్తా తరచుగా ముందే ఉంటుంది, దాన్ని మొదటి 400 మీటర్లలో పారేసుకుంటాడంతే. వాచీ చేతికిచ్చి నాలుగు రౌండ్ల టైములు విడివిడిగా రాయించండి, రోగం ఎక్కడుందో కాగితం మీదే కనబడుతుంది. వారంలో ఒక రోజు 200 మీటర్లు ఎనిమిదిసార్లు, ఒక్కోటి 39, 40 సెకన్లలో. ఇంకో రోజు 400 మీటర్లు నాలుగుసార్లు 80 సెకన్లకి, మధ్యలో రెండేసి నిమిషాల విరామంతో. ఇంకో రోజు ఆరేడు కిలోమీటర్లు మాట్లాడుకుంటూ పరిగెత్తేంత మెల్లగా. పూర్తి 1600 టైము చూసుకోవడం పది రోజులకి ఒక్కసారి చాలు, రోజూ చూసుకుంటే కాళ్ళు అరుగుతాయి తప్ప టైము తగ్గదు. తారు రోడ్డు మీద వద్దు, పిక్క ముందు ఎముక నొప్పి పట్టుకుంటే ఆరు వారాలు పోతాయి. ఎర్రమట్టి మైదానం మీకు దగ్గరే దొరుకుతుంది. అదే ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి వాళ్ళకి ఎండాకాలం నెర్రెల్లో మడమ తిరిగే ప్రమాదం ఉంటుంది, వాళ్ళు స్కూలు గ్రౌండు వెతుక్కోక తప్పదు.

ఇక్కడ మీరు అడగని విషయం ఒకటి. ఎంపీసీ చదివినవాడు జనరల్ డ్యూటీ ఒక్కదానికే ఎందుకు పెట్టాలి? 2025 నుంచి ఒకే దరఖాస్తులో రెండు కేటగిరీలు పెట్టుకోనిస్తున్నారు. టెక్నికల్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషుతో ఇంటర్, మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం ఉంటే చాలు. మనవాళ్ళకి ఎత్తు 165, జనరల్ డ్యూటీకైతే 166. ఛాతీ రెండింటికీ 77 సెంటీమీటర్లు, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. టెక్నికల్‌లో పరుగు, బీమ్ పాసైతే చాలు, మెరిట్ రాత పరీక్ష మార్కులతోనే కడతారు. మీ తమ్ముడి పరుగుకి ఇది నప్పే దారి. 68 శాతం మొత్తం సరే, ఏ ఒక్క సబ్జెక్టూ 40కి దిగలేదని మెమోలో చూసుకోండి.

రాత పరీక్ష కంప్యూటర్ మీద, ర్యాలీకి ముందే జరుగుతుంది. ఫీజు 250 రూపాయలు. 2025 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. జనరల్ డ్యూటీకి 50 ప్రశ్నలు, 100 మార్కులు, గంట సమయం. తప్పుకి అర మార్కు పోతుంది. టెక్నికల్‌లో ప్రశ్నకి నాలుగు, తప్పుకి ఒకటి. మైనస్ అనగానే భయపడి పది పదిహేను ప్రశ్నలు వదిలేస్తారు. నాలుగింటిలో ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిసినా సరే, మిగతా మూడింటిలో ఒకటి పెట్టడమే లాభం. మూడుసార్లు అలా పెడితే ఒకటి తగిలి 2 వస్తాయి, రెండు తప్పి 1 పోతుంది. ఏమీ తెలియని ప్రశ్న దగ్గర మాత్రం టైము పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు కాగితాలు. ఎక్కువ కన్నీళ్ళు ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. తండ్రి పేరులో ఒకచోట రెడ్డి ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఒకచోట ‘వెంకటేశులు’, ఇంకోచోట ‘వెంకటేశ్వర్లు’. దరఖాస్తు టెన్త్ మెమో ప్రకారమే నింపాలి, ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మారుస్తారు, పేరు రెండుసార్లు, కాబట్టి సెంటర్‌లో స్లిప్పు చేతికిచ్చినప్పుడు అక్షరం అక్షరం చదివాకే సరే అనండి. నోటిఫికేషన్‌లో పుట్టినతేదీల హద్దు అచ్చువేసి ఉంటుంది, ఒక్క రోజు అటూ ఇటూ అయినా సైటు తీసుకోదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయిన తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. మీది ఇప్పటికీ అనంతపురమే కాబట్టి సరిపోయింది. ధర్మవరం, కదిరి, హిందూపురం పిల్లలు శ్రీ సత్యసాయి జిల్లా, డోన్ వాళ్ళు నంద్యాల జిల్లా. పాత కాగితం మీద పాత జిల్లా ఉంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి నేటివిటీ కొత్తగా తీసుకోవాలి. అన్నీ గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందికే వస్తాయి కాబట్టి ర్యాలీ మారదు, కాగితం మాత్రం సరిపడాలి. వీటితో పాటు కులం సర్టిఫికెట్, స్కూలు నుంచి క్యారెక్టర్ సర్టిఫికెట్, సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్, పెళ్ళికాలేదన్న సర్టిఫికెట్లు కావాలి. సర్పంచ్ ఇచ్చే రెండింటి మీదా ఫొటో అంటించి ఉండాలి, ఆరు నెలల లోపలివై ఉండాలి. నోటరీ చేసిన అఫిడవిట్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 20 ఫొటోలు. అఫిడవిట్ నమూనా నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, నోటరీ దగ్గర దొరికే సొంత నమూనా వాడొద్దు.

పోలీసు వెరిఫికేషన్ గురించి మన జిల్లాల వాళ్ళకి విడిగా చెప్పాల్సిందే. ఊళ్ళో గొడవ జరిగితే అక్కడ లేని పిల్లల పేర్లు కూడా ఫిర్యాదులో రాయించడం మనకి కొత్త కాదు. ఎలక్షన్ల ముందు బైండోవర్లో పేరు ఎక్కి ఉండొచ్చు. అలాంటిది ఏమైనా ఉంటే సెలెక్ట్ అయ్యాక బయటపడటం కంటే ఇప్పుడే స్టేషన్లో కనుక్కొని, రాజీ అయ్యే కేసైతే కోర్టులో తేల్చుకోవడం మేలు.

మెడికల్‌లో కొన్ని మీరే ఇంట్లో చూడొచ్చు. పాదం తడిపి సిమెంటు గచ్చు మీద నిలబడమనండి. మధ్యలో వంపు లేకుండా పాదం అచ్చు పూర్తిగా పడితే చదును పాదం. మడమలు కలిపి నిలబడబోతే మోకాళ్ళు ముందే తగులుతున్నాయేమో చూడండి. చేతులు అరచేతులు ముందుకు పెట్టి కిందికి చాపితే మోచేయి దగ్గర మరీ బయటికి వంగకూడదు. రంగుల చుక్కల్లో అంకెలు చదివే పరీక్ష కంటి డాక్టరు దగ్గర ఐదు నిమిషాల పని. చెవిలో గులిమి ఉంటే కర్ణభేరి కనపడదు, ఆపేస్తారు. వారం ముందు డాక్టరు చేత తీయించాలి, పిన్నుతో కెలకొద్దు. హైడ్రోసిల్, మొలలు, వృషణం దగ్గర ఉబ్బిన నరాలు సిగ్గుపడి దాచేవి, అక్కడ బట్టలిప్పి చూస్తారు. పచ్చబొట్టు మోచేయి నుంచి మణికట్టు దాకా లోపలివైపు, లేదా అరచేతి వెనకవైపు ఉంటేనే ఒప్పుకుంటారు. ఛాతీ మీద అమ్మ పేరు పొడిపించుకున్నవాడికి ఇబ్బందే. శక్తి ఇంజెక్షన్లని జిమ్ముల్లో ఇచ్చేవి ముట్టుకోనివ్వద్దు.

ర్యాలీకి రాత్రి ఒంటిగంట, రెండింటికే లోపలికి పంపడం మామూలే. 2024 నవంబరులో కడప డీఎస్ఏ స్టేడియంలో జరిగింది. ముందు రోజు మధ్యాహ్నమే నిద్రపోయి ఉండాలి. లోపలికి రెండు అరటిపళ్ళు, పల్లీ చిక్కీ చాలు, బిర్యానీ తిని వచ్చినవాడు రెండో రౌండులో తెలుసుకుంటాడు. సైన్యం జీవితానికి ఇమడగలడో లేదో చూసే అడాప్టబిలిటీ టెస్టు సొంత ఫోన్ మీద రాయాల్సి ఉంటుంది, ఛార్జింగు, డేటా చూసుకోవాలి. కొత్త బూట్లు ఆ రోజు వద్దు. లక్షలిస్తే పని అవుతుందని గేటు బయట తిరిగేవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

డబ్బు. నెలకి ప్యాకేజీ మొదటి ఏడు 30,000, తర్వాత 33,000, 36,500, 40,000. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి కోస్తారు. చేతికొచ్చేది 21,000, 23,100, 25,550, 28,000. నాలుగేళ్ళకి ఇలా చేతికి 11.72 లక్షలు. కోసిన 5.02 లక్షలకి ప్రభుత్వం అంతే కలుపుతుంది, వడ్డీతో సుమారు 11.71 లక్షలు చివర్లో ఇస్తుంది, దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. 48 లక్షల ఇన్సూరెన్స్‌కి మీరు పైసా కట్టక్కర్లేదు. పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుల హోదా ఏవీ లేవు. నాలుగేళ్ళయ్యాక 25 శాతం మందిని మాత్రమే ఇంకో 15 ఏళ్ళకి ఉంచుకుంటారు. మధ్యలో తనంతట తాను వదిలేసి వస్తే తన వాటా వడ్డీతో వస్తుంది, ప్రభుత్వ వాటా రాదు. కాబట్టి ఈ 11.71 లక్షలు చూపించి ఇల్లు మొదలుపెట్టడం, అక్క పెళ్ళికి అప్పు చేయడం వద్దు.

నా లెక్కలో నలుగురిలో ముగ్గురు తిరిగొస్తారన్నదే ఆధారంగా పెట్టుకోవాలి. అగ్నివీర్‌గా చేసినవాళ్ళకి బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో 10 శాతం కోటా, వయసులో మూడేళ్ళ సడలింపు, దేహదారుఢ్య పరీక్ష మినహాయింపు 2023లోనే ప్రకటించారు, బీఎస్‌ఎఫ్‌లో ఆ కోటాని 2025 డిసెంబరులో 50 శాతానికి పెంచారు. సర్వీసులో ఉండగానే ఇగ్నో డిగ్రీ చేసుకోవచ్చు, శిక్షణకే సగం క్రెడిట్లు ఇస్తారు. మొదటి ఏడాదే అడ్మిషన్ తీసుకుంటే 23 ఏళ్ళకి డిగ్రీ చేతికి వస్తుంది. మూడో ఏట మొదలుపెడితే రాదు.

‘ఓర్వకల్లులో మిసైళ్ళు పరీక్షిస్తున్నారు కదా, ఆర్మీలో చేరితే అక్కడికి వేయించుకోవచ్చా’ అని కర్నూలు వైపు పిల్లలు అడుగుతుంటారు, మీ తమ్ముడికీ ఆ ఆశ ఉంటే చెప్పండి. పాలకొలను దగ్గరున్నది డీఆర్‌డీవో ఓపెన్ ఏరియా రేంజ్. 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లని కూల్చి చూపించింది అక్కడే, అదే జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణి యూఎల్‌పీజీఎం వీ3ని పరీక్షించిందీ అక్కడే. ఆర్మీ పోస్టింగుకీ దానికీ సంబంధం లేదు. డీఆర్‌డీవోలో టెక్నీషియన్ కావాలంటే టెన్త్ తర్వాత ఐటీఐ చేసి సెప్టమ్ పరీక్ష రాయాలి, సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుకి డిప్లొమా లేదా బీఎస్సీ.

మీ తమ్ముడి విషయంలో నా మాట: టెక్నికల్ మొదటి ఎంపిక, జనరల్ డ్యూటీ రెండోది పెట్టండి. పొద్దున బీమ్ సగం, పరుగు సగం. రాత్రి గంటన్నర ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్. ఈ సోమవారం అతని టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అదే రోజు ఆధార్ సెంటర్‌కి వెళ్ళండి, నోటిఫికేషన్ పడ్డాక అక్కడ వరుస రోడ్డు దాకా ఉంటుంది.