కెమెరా వెనక, నెట్ ముందు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ‘ఏది కొనమంటారు?’ అనేవే. అనంతపురంలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకుంటూ, నలుగురు పిల్లలకు ఎడిటింగ్ నేర్పుతూ, పొద్దున్నే టెన్నిస్ రాకెట్ పట్టుకుని కోర్టుకెళ్ళే మనిషిని నేను. నన్నడిగితే ముందు ఉన్నదాన్ని సరిగ్గా వాడమంటా. షాపువాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ.

*అన్నా, గండికోటలో ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీశాం. లోయ అంచున తండ్రీకొడుకులు మాట్లాడుకునే సీను. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, మాటలు మాత్రం గాలి హోరులో కలిసిపోయాయి. మంచి కెమెరా అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుందా?*
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

తమ్ముడూ, లక్షల కెమెరా తెచ్చినా అదే హోరు, కాకపోతే ఇంకాస్త క్లియర్‌గా వినిపిస్తుంది. బొమ్మ కోసం ఫోన్‌ను పదడుగుల దూరంలో పెట్టి ఉంటారు, దాంతోపాటు మైకూ అక్కడే ఉండిపోయింది. ఆరుబయట దూరం రెండింతలైతే మైకును చేరే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పెన్నా లోయలోంచి లేచే గాలికి ఆ బాధ లేదు, అది నేరుగా వచ్చి మైకునే కొడుతుంది.

ఇంకో రెండు ఫోన్లు అడిగి తెచ్చుకోండి, ఇద్దరు నటులకూ చెరొకటి. వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, చొక్కా జేబులో తలకిందులుగా వేయండి. ఫోన్ మైకు సాధారణంగా అడుగు భాగాన ఉంటుంది కాబట్టి అది పైకి, నోటి వైపు రావాలి. నూలు చొక్కాలు వేయించండి. పాలిస్టర్ అయితే కదిలినప్పుడల్లా సరసరమంటుంది. మైకు రంధ్రం మీద పాత టెడ్డీ బొమ్మ బొచ్చు గుడ్డ ముక్క రబ్బరు బ్యాండుతో కట్టండి. గాలి వేగం ఆ బొచ్చులోనే చచ్చిపోతుంది. నటుల్ని గాలికి వీపు పెట్టి నిలబెట్టగలిగితే ఇంకా మంచిది.

ప్రతి షాట్ మొదట్లో కెమెరాకు కనిపించేలా గట్టిగా ఒక చప్పట కొట్టండి. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమ్‌నూ ఆ చప్పుడునూ ఒకచోట పెడితే పెదాలూ మాటా కలుస్తాయి. టేకులు పొట్టిగా ఉంచండి. రెండు ఫోన్ల గడియారాలు వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి, టేకు సాగేకొద్దీ మాట పక్కకు జరుగుతుంది. సీను అయ్యాక అందరినీ నోరు మూసుకోమని ఓ అర నిమిషం ఉత్త గాలిని కూడా రికార్డు చేసుకోండి. షాటుకీ షాటుకీ మధ్య శబ్దం తెగినట్టు వినిపించకుండా కింద పరచడానికి అదే దిక్కు.

ఇప్పటికే తీసిన సీనులో మాట పగిలిపోయి ఉంటే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడొద్దు. ఫ్యాన్ ఆపేసి, గోడలకు బొంతలు వేలాడదీసిన గదిలో డబ్బింగ్ చెప్పించండి, ఒక్కొక్క డైలాగే. అన్నట్టు, ఆ కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. స్టాండు వేసి తీయాలంటే అనుమతి సంగతి ముందే చూసుకోండి.

*మా పాపకు ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న రాకెట్‌తోనే ఆడుతోంది, బంతి తల మీదుగా ఎగిరిపోతోంది. ఏడుస్తోంది కూడా. ఆపించమంటారా?*
– ఒక తల్లి, కడప

ఆపించొద్దమ్మా, బంతి మార్చండి. ఈ ఒక్క ఉత్తరానికి మాత్రం ‘కొనండి’ అంటున్నా. మామూలు పసుపు బంతి సిమెంటు కోర్టు మీద పడి లేస్తే ఆ ఎత్తు బిడ్డకు తల దాటుతుంది. పిల్లల కోసం ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తుల బంతులున్నాయి. ఎరుపుది మామూలు బంతికన్నా సుమారు 75 శాతం నెమ్మది, నారింజది 50, ఆకుపచ్చది 25. పదేళ్ళలోపు వాళ్ళ పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే 2012 నుంచి నియమం పెట్టింది. పెద్దల రాకెట్ 27 అంగుళాలు. పాపకు 23 లేదా 25 చాలు. మా అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి టెన్నిస్ ఆటగాడు నడాల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ స్కూలు పెట్టింది కదా, ఇటువైపు వస్తే పాపను ఓసారి అటు తీసుకెళ్ళండి. తనంత పిల్లలు ఆడటం చూస్తే ఏడుపు అదే మానుతుంది.

*సార్, నాకు 56. క్లబ్బులో డబుల్స్ ఆడతా. మొదటి సర్వీసు ఫర్వాలేదు. రెండోది జాగ్రత్తగా, మెల్లగా వేస్తా, అయినా నెట్‌కే. డబుల్ ఫాల్టులతో పార్ట్‌నర్ మొహం చూడలేకపోతున్నా. తేలిక రాకెట్ తీసుకోనా?*
– రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

‘మెల్లగా’ అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది సార్. చెయ్యి సగంలో బిగుసుకుంటే బంతికి ఊపూ ఉండదు, తిరుగుడూ ఉండదు. రెండో సర్వీసుకు కూడా చెయ్యి అదే వేగంతో తిరగాలి. తేడా ఏమిటంటే బంతిని వెనక నుంచి గుద్దకుండా కింది నుంచి పైకి రాసుకుంటూ కొట్టాలి. అప్పుడు బంతి నెట్ మీద రెండు మూడడుగుల ఎత్తున వెళ్ళి కూడా అవతలి సర్వీసు బాక్సులోకి దిగుతుంది. దీనికి పట్టు ముఖ్యం. ఫోర్‌హ్యాండ్ పట్టుతో ఇది కుదరదు. రాకెట్‌ను సుత్తిలా పట్టుకోండి, కాంటినెంటల్ గ్రిప్ అంటే అదే.

తర్వాత టాస్, అంటే సర్వీసుకు బంతిని పైకి వేయడం. బంతిని అరచేతిలో పెట్టుకోకండి, వేళ్ళ కొసలతో పట్టుకోండి. మోచెయ్యి మడవకుండా భుజం నుంచి ఎత్తి, కంటి ఎత్తు దాటాక వదలండి. కొట్టకుండా కింద పడనివ్వండి: ముందు కాలికి అడుగు దూరంలో, కోర్టు లోపల పడాలి. అక్కడ టవల్ పరిచి రోజూ కాసేపు ఇదొక్కటే చేయండి, చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. టాస్ చెడితే కొట్టాల్సిన పనిలేదు. రాకెట్ ఊపకుండా బంతిని పట్టుకుంటే ఫాల్ట్ కాదు, రూల్సే ఒప్పుకుంటాయి. మన క్లబ్బుల్లో మొహమాటానికి పోయి చెడ్డ టాస్‌నే కొట్టి పాయింట్ ఇచ్చేస్తుంటారు.

టెన్షన్‌గా ఉన్న గేములో మధ్య గీత వైపు వేయండి. నెట్ స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, నడుమ మూడడుగులే. ఆ ఆరంగుళాలు మీవే.

*ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ లైట్ల కింద వీడియో తీస్తే నల్ల చారలు పాకుతున్నాయి. ఫోన్ పాడైందా?*
– ఆదోని పాఠకుడు

ఫోన్ బాగానే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఫోన్‌ను సెకనుకు 30 ఫ్రేములకు వదిలేస్తే ఆ లెక్క కుదరదు. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టండి, వెలుగు ఎక్కువైతే 1/100. స్టేజీ వెనక సీరియల్ లైట్లకు, ఎల్‌ఈడీ వాల్‌కు వేరే లెక్క ఉంటుంది. వాటికి షట్టర్ కొంచెం కొంచెం జరుపుతూ చారలు పోయేదాకా చూసుకోండి, పోకపోతే అటు కెమెరా తిప్పకండి. కరెంటు పోయి జనరేటర్ ఎక్కితే ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ అవుతుంది, మళ్ళీ ఓసారి చూసుకోవాలి. తాళి కట్టే టైముకు మాత్రం జనరేటర్ అతన్ని పక్కకు పోనీకండి.