పంచే అన్నానికి లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. నెలకు ఆరు వేలు పోగుచేసి ప్రతి ఆదివారం మధ్యాహ్నం వరంగల్ స్టేషన్ ముందు, ఎంజీఎం దవాఖాన పరిసరాల్లో నలభై పులిహోర పొట్లాలు పంచుతున్నాం. చాలామంది వద్దంటున్నారు, తీసుకున్నవాళ్లలో కొందరు పక్కన పెట్టేస్తున్నారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు రోజు, వేళ మార్చండి. వంట సంగతి తర్వాత. ఆదివారాలు, పండుగల నాడు పంచేవాళ్లు ఎక్కువ. వారం మధ్యలో, రాత్రిపూట ఆకలి ఎక్కువ. ఒకరోజు రాత్రి పది దాటాక ఉత్త చేతులతో వెళ్లి చూసి రండి. అప్పుడు అరుగుల మీద, షట్టర్ల ముందు పడుకుని ఉన్నవాళ్లను లెక్కపెట్టండి. పగలు ఎంజీఎం దగ్గర కనిపించేవాళ్లలో ఊళ్ల నుంచి రోగులతో వచ్చిన బంధువులు చాలామంది ఉంటారు. వాళ్లదీ ఆకలే, కానీ ఇల్లు లేనివాళ్ల లెక్కలో వాళ్లను కలిపితే మీ అంచనా తప్పుతుంది.

చింతపండు వల్ల పులిహోర తొందరగా పాడవదు కాబట్టి పంచేవాళ్లందరూ అదే చేస్తారు. తినేవాళ్లకు రోజూ అదే వస్తుంది. పళ్లు లేని ముసలివాళ్లు పలుకు అన్నం నమలలేరు. కడుపులో పుండు ఉన్నవాళ్లకు పులుపు, కారం మంట పుట్టిస్తాయి. మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు పెట్టి చూడండి.

నలభై మందికి మనిషికి 125 గ్రాముల చొప్పున 5 కిలోల బియ్యం, కిలోంపావు కందిపప్పు, 2 కిలోల టమాటాలు, నాలుగైదు కట్టల పాలకూర, 400 మిల్లీలీటర్ల నూనె సరిపోతాయి. గుడ్లు 42 తీసుకోండి, ఒకటి రెండు పగులుతాయి. అయిదు కిలోలూ ఒకే గంజులో వేస్తే అడుగు మాడి పైన పలుకు మిగులుతుంది. రెండు గంజుల్లో వండండి. పాత బియ్యానికి ఒకటికి మూడింతలు నీళ్లు పోయండి, వానకాలం పంట కొత్త బియ్యమైతే కాస్త తగ్గించండి.

డబ్బు లెక్కలో ఒక చిక్కుంది. నెలకు నాలుగు వారాలే అనుకుంటే వారానికి 1,500 వస్తుంది. కానీ ఏడాదికి 52 వారాలు, మీ దగ్గరుండేది 72,000. వారానికి 1,380 దాటితే అయిదో వారం వచ్చిన నెలలో చేతులెత్తేయాల్సి వస్తుంది. ఇప్పటి ధరల్లో బియ్యం, పప్పు, గుడ్లకు అందులో దాదాపు సగం పోతుంది. మిగిలింది పండ్లు, కూరగాయలు, నూనె, గ్యాస్, ఇస్తరాకులకు. చవకగా వస్తుందని దళారుల దగ్గర రేషన్ బియ్యం మాత్రం కొనకండి, కేసవుతుంది.

ఇక పొట్లాలు. వేడి అన్నం మూత బిగించి కడితే ఆవిరి నీరై అన్నం జిగురు పట్టి పులుస్తుంది. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఏడింటికి వంట దించి, గంజులకు మూతపెట్టి దుప్పటి చుట్టి తీసుకెళ్లి, పది లోపు అక్కడే ఇస్తరాకుల్లో వడ్డించండి. గుడ్లు పెంకుతోనే పట్టుకెళ్లి వడ్డించేటప్పుడు ఒలవండి. న్యూస్‌పేపర్‌లో ఏదీ చుట్టొద్దు, సిరా తిండికి అంటుతుంది. నిద్రపోతున్నవాళ్ల తలాపున అన్నం పెట్టి రావద్దు, కుక్కలు, ఎలుకలు వస్తాయి. ఫొటోలు అసలే వద్దు. వద్దన్నవాళ్లలో కొందరు ఫోన్ చూసే మొహం తిప్పుకుని ఉంటారు.

ప్రశ్న: ఇంట్లో నలుగురం. తిండికి తొమ్మిది వేలు తీసిపెడితే ఇరవయ్యో తారీఖుకే అయిపోతున్నాయి. ఇలాంటి సేవకు నెలకు 500 ఇవ్వాలని ఉంది. ఎలా మిగల్చాలి?
– ఒక గృహిణి, కాజీపేట

జవాబు: చివర్లో మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. ఒకటో తారీఖునే 500 పక్కన తీయండి. కిరాణా, పాలకు 4,500. కూరగాయలు, గుడ్లు, మాంసానికి నాలుగు కవర్లలో 900 చొప్పున, నెలాఖరు రెండు మూడు రోజులకు 400. ఒక వారం కవరు ఖాళీ అయితే తర్వాతి దాంట్లో చెయ్యి పెట్టకండి.

రేషన్ కార్డు ఉంటే 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తోంది. నలుగురికి 24 కిలోలు. నెలకు 36 కిలోలు వండే ఇల్లయినా 25 కిలోల బస్తా రెండు నెలలు వస్తుంది. అలవాటుగా ప్రతి నెలా బస్తా దింపుకుంటున్నారేమో చూసుకోండి. నూనె నలుగురికి 2 లీటర్లు చాలు. డబ్బు ఎక్కువగా కారిపోయేది గల్లీ దుకాణంలో రోజూ తెచ్చే చిన్న ప్యాకెట్ల దగ్గరే. పిల్లల గుడ్లు, పప్పు తగ్గించి మాత్రం ఇవ్వకండి. 500 కష్టమైతే 200 ఇవ్వండి, కానీ ప్రతి నెలా ఇవ్వండి.

ప్రశ్న: మా దుకాణం అరుగు మీద ఒక పెద్దాయన పడుకుంటున్నాడు. తనలో తనే మాట్లాడుకుంటాడు, అన్నం పెడితే తినడు. ఎవరికి చెప్పాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిలబడి కాకుండా పక్కన కూర్చుని, ‘ఏం తింటవ్ పెద్దయ్యా’ అని అడగండి. చాలా రోజులుగా తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదికి రావచ్చు. పల్చటి గంజి గుక్కెడు గుక్కెడుగా పట్టించి 108కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ దవాఖానకు చేర్చడం పోలీసుల బాధ్యత. స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఆ చట్టం పేరు చెప్పండి. సలహాకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉన్నాయి.

నగరాల్లో జనాభా లక్షకు ఒకటి చొప్పున ఇల్లు లేనివాళ్లకు రాత్రి బస కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో పట్టణ పేదల పనులు చూసే మెప్మా విభాగాన్ని అడగండి. ముందు మీరు వెళ్లి చూసి, తర్వాత ఆయనను పగటిపూట వెంటబెట్టుకుని వెళ్లండి. రానంటే బలవంతం చేయొద్దు, నాలుగు రోజులాగి మళ్లీ అడగండి.

ప్రశ్న: పెళ్లిళ్లలో మిగిలిన భోజనం తెచ్చి పంచవచ్చా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: పంచవచ్చు, అయితే వడ్డన గిన్నెల్లోకి రానిది, మూతపెట్టి ఉన్న గంజులోదే తీసుకోండి. మిగిలింది ఎంత అని కాదు, ఎన్నింటికి వండారని వంటమాస్టర్‌ను అడగండి. పొద్దున పదింటికి దించిన బగారా అన్నం సాయంత్రం నాలుగుకు మీ చేతికొస్తే వద్దనండి. మాంసం, పెరుగన్నం, కొబ్బరి పచ్చడి అసలే తీసుకోకండి. ఫంక్షన్ హాల్ వాళ్లతో ముందే మాట్లాడుకుని, మొదటి పంక్తి లేవగానే ఫోన్ చేయమంటే వేడిగా ఉండగానే తెచ్చుకోవచ్చు.